తడీ కాదు, పొడీ కాదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ మాటే అనేది, ఇప్పుడు మా ఆయన అంటున్నాడు. కోపం వస్తే నా విషయంలో రెండు జరుగుతాయి. ఒకటి, చేతిలో ఉన్న గిన్నె టంగుమని చప్పుడు చేస్తుంది. రెండు, నోట్లో ఉన్న తమిళమంతా ఎగిరిపోయి తెలుగు వచ్చేస్తుంది. పుట్టిందీ పెరిగిందీ ఈ తమిళ పట్నంలో, చూలై అనే పేటలోనే. బజారులో బేరం తమిళంలో, రైల్లో కబుర్లు తమిళంలో, పనిచేసే చోట పొద్దస్తమానం తమిళమే. కానీ నాలుగక్షరాలు నేర్చుకున్నది తెలుగు బడిలో. అందుకేనేమో కోపం మాత్రం తెలుగులోనే వస్తుంది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ కోపంతోనే ముడిపడి ఉంది.

గిండీలో ఒక ఆఫీసులో నేను కాఫీ కలిపే మనిషిని. తొమ్మిదేళ్ళుగా అదే పని. రెండో అంతస్తులో నలభై మంది, మూడో అంతస్తులో నలభై మంది ఉంటారు. మూడో అంతస్తు మూలన చిన్న వంటగది, దాన్ని ప్యాంట్రీ అంటారు. అందులో ఒక స్టవ్వు, ఒక సింకు, చంటిబిడ్డంత పెద్ద స్టీలు ఫిల్టరు. ఎగ్మూరులో రైలెక్కి పొద్దున ఏడున్నరకల్లా ఆఫీసు చేరుకుని, ఫిల్టర్లో పొడి వేసి, కాగిన నీళ్ళు పోసి, మూత పెట్టి దాని మానాన దాన్ని వదిలేస్తాను. డికాషన్ దిగేటప్పుడు కదపకూడదు, తొందరపెట్టకూడదు. తొమ్మిదిన్నరకు అందరూ వచ్చి కూర్చునేసరికి గాజు గ్లాసుల్లో నురుగుతో కాఫీ బల్లల మీద ఉంటుంది. చక్కెర ఎవరికి వద్దో, ఎవరికి రెండు చెంచాలో, ఎవరు ఈమధ్యే మానేశారో నాకు కంఠతా వచ్చు. నా కాఫీ బాగుంటుంది. నా డబ్బా నేనే కొట్టుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, నిజం నిజమే.

నాతోపాటు ఇంకో ఆవిడ పనిచేస్తుంది. ఊడ్చడం, తుడవడం, చెత్త కిందికి దించడం ఆవిడ పని. తమిళావిడ. మా ఇద్దరిలో ఎవరు పెద్దో ఇంతవరకూ తేలలేదు. అందుకని ఆవిడ నన్ను అక్కా అంటుంది, నేను ఆవిడను అక్కా అంటాను.

పోయిన ఏడాది ఎండాకాలం చివర్లో, ఒక సోమవారం పొద్దున మా అడ్మిన్ సారు ఇద్దరు మనుషుల చేత ఒక పెద్ద పెట్టె మోయించుకుని వచ్చాడు. ఆఫీసులో బల్బు నుంచి బాత్రూము దాకా అన్నీ చూసుకునేది ఆయనే. చెడ్డవాడు కాదు, కానీ కొత్త వస్తువంటే ఒళ్ళు మరిచిపోతాడు. పెట్టె విప్పితే లోపల నల్లగా నిగనిగలాడుతూ కాఫీ మిషను. దాంతోపాటు అట్టపెట్టెల నిండా చిన్న చిన్న కప్పులు. ఒళ్ళు ప్లాస్టిక్, నెత్తి మీద మెరిసే రేకు, కడుపులో ఒక్కరికి సరిపడా కాఫీ పొడి. ఒక కప్పు మిషన్లో పెట్టి మీట నొక్కితే అది రేకుకు బెజ్జం పొడిచి, వేడినీళ్ళు దూర్చి, ఒక్క మనిషికి కాఫీ పోస్తుంది. తాగినవాడు తన సీటుకు పోతాడు, కప్పు చెత్తలోకి పోతుంది. దాన్ని పాడ్ అంటారట. పేరులోనే పాడు ఉందే అనుకున్నాను.

"ఒక నెల చూద్దాం అక్కా," అన్నాడు సారు తమిళంలో. "రెండో అంతస్తుకు మిషను, మూడో అంతస్తుకు మీరు. నెలాఖరుకు హైదరాబాదు నుంచి పెద్ద మేడమ్ వస్తుంది. ఆవిడ చూసి సంతకం పెడితే రెండు అంతస్తులకూ మిషనే."

"అప్పుడు నేనో?" అని అడిగాను.

ఆయన నా మొహం చూడకుండా ఫోను చూసుకున్నాడు. నాకు జీతమిచ్చేది ఆఫీసు కాదు, మనుషులను పనికి పంపే కాంట్రాక్టరు. ఆ కాంట్రాక్టరుకు పట్నం ఆ చివర మనలి అనే చోట ఒక సిమెంటు గోడౌను పని ఉంది, అక్కడ ఊడ్చడానికి మనిషి కావాలట. "మీకు పని పోదు అక్కా, చోటు మారుతుంది, అంతే," అన్నాడు.

అంతే! ఊడ్చే పని తక్కువదని నేను అనను. అనేదాన్నయితే మా అక్కతో ఒకే టిఫిను డబ్బాలో తినను. నా బాధ వేరు. నాకు దుమ్ము పడదు, చిన్నప్పటి నుంచీ ఆయాసం. మా వీధిలో చెక్కలు కోసే కొట్టు ముందు నుంచి నడిచి వస్తేనే రెండు రోజులు ఛాతీ పట్టేస్తుంది. సిమెంటు మూటలు దింపే చోట చీపురు పట్టుకుంటే నేను ఎన్నాళ్ళు నిలబడతానో నాకే తెలుసు. మానేసి ఇంట్లో కూర్చునే వీలు లేదని కూడా తెలుసు. ఆ నెల రోజులూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కాఫీ కలిపాను.

మొదటి వారం నేను ఓడిపోయాను, దాపరికమెందుకు. ఆ ఆఫీసులో పాతికేళ్ళ వాళ్ళందరూ నాకు పిల్లలే. ఆ పిల్లలంతా కొత్త బొమ్మ దొరికినట్టు మిషను చుట్టూ మూగారు. మూడేళ్ళు నా కాఫీ తాగినవాడు మెట్ల మీద ఎదురై, "సూపర్ అక్కా, ఈరోజు వెనిల్లా!" అన్నాడు. కాఫీకి కాఫీ వాసన రావాలి గానీ కేకు వాసన ఎందుకురా నాయనా అనబోయి ఊరుకున్నాను. పైకి నవ్వి, లోపలికెళ్ళి గిన్నె టంగుమనిపించాను. మిషను ఎప్పుడు అడిగితే అప్పుడు పోస్తుంది, అది నిజం. సాయంత్రం ఆరు దాటాక ఆఫీసులో ఉండేవాళ్ళకు నేనుండను, అదీ నిజం. ఒప్పుకోవాల్సింది ఒప్పుకున్నాను, అయినా కడుపు మండుతూనే ఉంది.

రెండో వారంలో చెత్త గొడవ మొదలైంది. మొదలుపెట్టింది నేను కాదు, బ్యాటరీ బండి అమ్మాయి. రోజూ పొద్దున ఎనిమిదింటికి చెత్త తీసుకుపోయే బండి మా గేటు ముందు ఆగుతుంది. ఆ బండి అమ్మాయి మన తెలుగు పిల్లే. వాళ్ళ తాత ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి పట్నానికి వచ్చి వీధులు ఊడ్చినవాళ్ళు. నోరు విప్పితే ఆపదు. ఆ పొద్దున ఒక పాడ్‌ను రెండు వేళ్ళతో ఎలుక తోక పట్టుకున్నట్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏందిక్కా ఇది? తడి కుప్పా, పొడి కుప్పా? పచ్చ డబ్బాలో ఏస్తే ప్లాస్టిక్కు, ఎరువుకు పనికిరాదు. నీలం డబ్బాలో ఏస్తే లోపల్నుంచి నీళ్ళు కారతా ఉండాయి, కాయితాలన్నీ నాని పోతా ఉండాయి. ఆడ మా సూపర్‌వైజరు నన్ను తిడతా ఉండాడు. నేను తీసకపోనంటే తీసకపోను, పో!"

"నన్నడిగితే? నేను తెచ్చిపెట్టినానా ఆ మిషను?" అన్నాను.

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది మా సంగతి. నేను వెళ్ళి సారుకు చెప్పాను. ఆయన కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే, "సింపుల్ అక్కా, పాడ్‌లు డ్రై. డబ్బాల మీద పెద్దగా రాసి పెట్టండి, అందరికీ తెలుస్తుంది," అన్నాడు. నేను తలుపు దగ్గరికి వచ్చాక వెనక నుంచి, "అన్నట్టు అక్కా, మనలికి ఒకటో తేదీ నుంచి అనుకుంటున్నారు," అని చల్లగా చెప్పాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటు. సంతకం ఇంకా పడలేదు, మేడమ్ ఇంకా రాలేదు, అప్పుడే నా తేదీ నిర్ణయమైపోయింది! నల్ల మార్కరు పెన్ను తీసుకుని దడదడా కిందికి దిగాను. మెట్ల కింద పచ్చ డబ్బా, నీలం డబ్బా పక్కపక్కనే ఉంటాయి. బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్న తమిళ అక్షరాలు నాకు వచ్చు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా పచ్చదాని మీద ఒక మాట, నీలందాని మీద ఒక మాట, మూరెడేసి అక్షరాలతో రాసి పారేశాను. రాసిందాన్ని మళ్ళీ చదువుకోను కూడా లేదు.

మా అక్క చీపురుతో వచ్చి, "ఏం రాశావక్కా?" అని అడిగింది.

"రాసే ఉంది కదా! చదువుకో! పాడ్‌లన్నీ దాని ప్రకారం వేయి!" అని కసిరి పైకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం మూడో అంతస్తుకు రెండో విడత కాఫీ ఇచ్చాక, అక్క ఎక్కడా కనపడలేదు. టిఫిను డబ్బా కూడా తెరవలేదు. వెతుక్కుంటూ వెనక మెట్ల దగ్గరికి వెళితే, కింది మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాత పేపరు, చేతిలో కూరగాయల కత్తి. ఒక్కో పాడ్ తీసుకుని, రేకు కోసి, లోపలి తడి పొడిని గోకి నీలం డబ్బాలో వేస్తోంది. ఖాళీ చిప్పను పచ్చ డబ్బాలో వేస్తోంది. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది, దాన్నిండా రక్తం.

"ఏంటక్కా ఇది? ఏం చేస్తున్నావు?" అన్నాను.

"నువ్వే కదా రాశావు," అంది ఆవిడ అమాయకంగా. "నీలం దాంట్లో పొడి. పచ్చ దాంట్లో తడి. పొడి పొడిలో వేస్తున్నాను. తడి అంటే లావుగా, మందంగా ఉండేదని, ఈ చిప్పలనుకుని అందులో వేస్తున్నాను. కొత్త రూలేమో అనుకున్నాను. పొద్దున పదకొండింటికి కూర్చున్నానక్కా, నడుము విరిగిపోతోంది."

అప్పుడు చూశాను నేను రాసింది. తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు రాశాను. తమిళంలో తడి అంటే కర్ర, లేకపోతే లావు. పొడి అంటే కాఫీ పొడి, పసుపు పొడి లాంటి పొడి మాత్రమే, మన ఎండుదనం దానికి లేదు. తడి చెత్తను వాళ్ళు ఈరం అంటారు, పొడి చెత్తను ఉలర్ అంటారు. పుట్టినప్పటి నుంచీ పలికే ఆ మాటలు కోపంలో నాకు గుర్తే రాలేదు. తడిసిన కాఫీ పొడేమో పొడి చెత్త డబ్బాలోకి, ఎండిన చిప్పలు తడి చెత్త డబ్బాలోకి, సరిగ్గా తలకిందులుగా పోయాయి. ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ వేలు చూసి ఏడ్చాను. నేను కసరకుండా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ వేలు తెగేది కాదు. క్షమించమని తమిళంలోనే అడిగి, పసుపు తెచ్చి కట్టు కట్టాను.

మర్నాడు బండి అమ్మాయి వచ్చి డబ్బాలు చూసి, అక్షరాలు కూడబలుక్కుని చదివి, గేటు పట్టుకుని ఊగి ఊగి నవ్వింది.

"అక్కా, ఇది మన భాషక్కా! తమిళంలో రాసి తెలుగులో తిట్టినట్టుండాది!" అంది. నవ్వడం అయ్యాక నీలం డబ్బాలోకి చేయి పెట్టి చూసింది. "ఈ పొడి మాత్రం మంచిగా ఉండాదక్కా, ఇది నేను తీసకపోతా, ఎరువుకు బాగా పనికొస్తాది. ఆ చిప్పలు మాత్రం ఒద్దు సామీ."

చిప్పలు శుభ్రంగానే ఉన్నాయి కదా, ఎవరూ ఎందుకు తీసుకోరు అని నాకు పట్టుదల వచ్చింది. కడిగి, ఆరబెట్టి, ఒక సంచీడు చూలైకి పట్టుకుపోయాను. మా వీధి చివర పాత సామాన్ల కొట్టు ఉంది, కాయలాంకడ అంటాం. పాల కవర్లు, ఇనుప ముక్కలు, పగిలిన బకెట్లు, అన్నీ కొంటాడు ఆ పెద్దాయన, ఆయనా మన తెలుగువాడే. ఒక చిప్ప తీసి గోరుతో గీకి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏందమ్మా ఇది? ఒళ్ళు ప్లాస్టిక్కు, అంచుకంతా రేకు అతుక్కోని ఉండాది. దీన్ని నేను ప్లాస్టిక్కులో కలిపేదా, రేకులో కలిపేదా? నువ్వే ఒక్కోదాన్నీ గీకి ఊడదీసి తెస్తావా?"

"మళ్ళీ వాడుకోవచ్చని పెట్టె మీద బొమ్మ ఏసుండారే పెద్దాయనా," అన్నాను.

"బొమ్మలకేముంది, ఎన్నైనా ఏస్తారు. తీసకపోయి ఊరి చెత్తంతా పోసే కుప్పమేట్లో పారెయ్," అన్నాడు.

సంచి మోసుకుని ఇంటికొస్తూ నాకు లెక్క తెలిసొచ్చింది. ఆ లెక్కకు కాగితం అక్కర్లేదు. ఒక్క అంతస్తు ఒక్క రోజు తాగిన కాఫీని విప్పడానికి ఒక ఆడమనిషికి పూట పట్టింది, వేలు తెగింది. అప్పటికీ ఆ చిప్పలు ఎవరికీ పనికిరాలేదు. మనిషి పని తగ్గిస్తుందని తెచ్చిన మిషను ఇది! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనలేదు. నేను చచ్చినా మా అక్కను మళ్ళీ ఆ కత్తి పట్టనివ్వనని ఆ వీధిలోనే అనుకున్నాను.

తర్వాత పాడ్‌లను ఎవరూ విప్పలేదు, బండి అమ్మాయి తీసుకుపోలేదు. మిషను ఇచ్చినవాళ్ళు, వాడిన కప్పులు వేసి పంపడానికి ప్రత్యేకం సంచులిస్తాం అన్నారట. ఆ సంచులు ఇదిగో అదిగో అంటూ రానేలేదు. మెట్ల కింద గోతాలు ఒకటి, రెండు, నాలుగు, ఆరు అయ్యాయి. ఎండకు లోపలి కాఫీ పులిసింది. బూజు పట్టింది. చీమలు బారులు తీరాయి, చిన్న చిన్న ఈగలు ముసిరాయి. లిఫ్టు కోసం నిలబడేవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు. "సూపర్ అక్కా" అన్నవాడు ఒక రోజు గ్లాసు పట్టుకుని మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చాడు. నురుగుతో నిండా పోశాను. తర్వాత రోజు నలుగురు వచ్చారు. పోస్తున్నంతసేపూ లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, కానీ మొహం మాత్రం గంభీరంగానే పెట్టుకున్నాను.

మేడమ్ వచ్చే రోజు పొద్దున సారు కంగారుగా దిగొచ్చాడు. "అక్కా, ఆ గోతాలు టెర్రస్ మీదికి చేర్చండి, మేడమ్ కంట పడకూడదు."

"లిఫ్టులో పట్టవు సార్, చినిగితే కారిపోతాయి," అన్నాను. పట్టేవి. అబద్ధమే ఆడాను, దానికి ఈరోజుకీ బాధ లేదు. డబ్బాల మీద నా రాతను చెరిపేయమన్నాడు. కిరసనాయిలు పెట్టి రుద్దినా ఆ మార్కరు పోలేదు. అచ్చు వేయించిన స్టిక్కర్లు రేపొస్తాయని గొణుక్కుంటూ పోయాడు.

పెద్ద మేడమ్‌ను నేను అంతకుముందు నాలుగైదు సార్లు చూశాను. ఎవరితోనైనా ఇంగ్లీషే, ఆవిడ నోట ఇంకో మాట నేను వినలేదు. సారు ఆవిడను గేటు నుంచి నేరుగా లిఫ్టు వైపు నడిపించాడు. వాసన దాగుతుందా? ఆవిడ ఆగి, మెట్ల కిందికి తొంగి చూసింది. గోతాలు చూసింది. ఈగలను చేత్తో తోలుకుంటూ డబ్బాల ముందుకు వచ్చి, ఏం రాశారిక్కడ అని సారును ఇంగ్లీషులో అడిగింది. సారు మొహం కందిపోయింది. ఏదో పొరపాటు మేడమ్ అన్నాడు. ఆవిడ వదల్లేదు. చివరికి వేలు పెట్టి చదివాడు.

"తడి... పొడి. స్టిక్, పౌడర్ మేడమ్."

ఆవిడ ఒక్క క్షణం బిత్తరపోయి చూసి, పకపకా నవ్వేసింది. "స్టిక్ ఏంది! తడి, పొడి! ఇది తెలుగు! ఎవరు రాసిన్రు?"

నేను మెట్ల మీద ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒకటో తేదీకి మూడు రోజులుంది. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ లేదు.

"నేనే మేడమ్," అన్నాను తెలుగులో.

"మీరు తెలుగోళ్ళా? ఎన్నేండ్ల నుంచి పనిచేస్తున్నరు?"

"తొమ్మిదేండ్లు మేడమ్. మీరు తెలుగని ఈ దినం దాకా నాకు తెలీదు."

సారు అటూ ఇటూ చూస్తున్నాడు, మా మాటలు ఆయనకు అందడం లేదు. నేను ట్రే మెట్టు మీద పెట్టి, గోతంలోంచి ఒక పాడ్ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. "మేడమ్, నేను చదువుకోనిదాన్ని. మీరు పెద్దోళ్ళు. ఇది ఏ డబ్బాలో ఏయాల్నో మీరు చెప్పండి. చెప్పినారంటే నేను నోరెత్తకుండా మనలి పోతాను."

"గిదేముంది, పొడి," అని ఆవిడ నీలం డబ్బా మీదికి చేయి చాపింది. పాడ్ వంగి నల్లటి నీళ్ళు మణికట్టు మీదుగా తెల్లటి కుర్తా చేతిలోకి కారాయి. "అరె, తడి," అని పచ్చ డబ్బా వైపు తిప్పింది. ప్లాస్టిక్ చూసుకుని మళ్ళీ ఆగింది. చేయి రెండు డబ్బాల మధ్య నిలిచిపోయింది.

సారు ఇంగ్లీషులో అందుకున్నాడు. విప్పి వేరు చేయొచ్చు, సులువే అన్నాడు. ఎవరు విప్పాలి అని ఆవిడ అడిగింది. నేను గోడ పక్కన చీపురుతో నిలబడి ఉన్న మా అక్క చేయి పట్టుకుని ముందుకు లాగి, ఇంకా మానని ఆ బొటనవేలు చూపించాను. మేడమ్ ఆ వేలు చూసింది, ఆవిడ మొహంలో నవ్వు పోయింది. మెట్టు మీద కూర్చుని తనే రేకు ఊడదీయబోయింది. గోరు విరిగింది. తాళంచెవితో పొడిచింది. పొడి ఒళ్ళో పడింది. ఒక్క పాడ్ విప్పేసరికి ఆవిడకు చెమట పట్టింది.

"ఇసొంటివి దినానికెన్ని?" అంది.

ముందురోజు రెండో అంతస్తులో పోగైన పాడ్‌లన్నిటినీ ఆవిడ ముందు పేపరు మీద కుమ్మరించాను. పరుగున పైకి వెళ్ళి మూడో అంతస్తు తాలూకు ముందురోజు కాఫీ పిప్పి గిన్నె పట్టుకొచ్చి పక్కన పెట్టాను. ఇటు కుప్ప మోకాలి ఎత్తు. అటు గిన్నెడు నల్లటి ముద్ద.

"రెండూ నలభై మంది తాగిందే మేడమ్. ఈ ముద్ద చెట్లకేస్తే తింటాయి. ఆ కుప్పను మట్టి తినదు, ఆవు తినదు, కాయలాంకడోడు కూడా తినడు."

సంగతి ఎటు పోతోందో సారుకు అర్థమైంది. నా కాఫీకి కొనే పాల కవర్లు మాత్రం ప్లాస్టిక్ కాదా అని అడ్డం వచ్చాడు. అది న్యాయమైన మాటే. నేను తమిళంలోనే జవాబు చెప్పాను. "ప్లాస్టిక్కే సార్. మూల ముక్క ఊడిపోకుండా కోస్తాను, కడుగుతాను, ఆరబెడతాను. కాయలాంకడలో ఎగబడి కొంటారు, అడిగి చూడండి."

మేడమ్ లేచి చేతులు కడుక్కుని ప్యాంట్రీకి వచ్చింది. చక్కెర లేకుండా ఒక గ్లాసు తాగింది. కిటికీలోంచి చూస్తూ రెండో గ్లాసు తాగింది. సాయంత్రం ఆలస్యంగా ఉండేవాళ్ళ సంగతేమిటని అడిగింది. పెద్ద ఫ్లాస్కు కొనిస్తే పోసి పెట్టి పోతానన్నాను. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని సారు చేతికి తిరిగిచ్చి, "మిషను వాపస్ పంపుండ్రి," అని తెలుగులో అనేసి, తర్వాత నాలుక కరుచుకుని ఇంగ్లీషులో చెప్పింది.

నేను అక్కడితో ఊరుకుని ఉంటే నేను నేనెలా అవుతాను? "ఎనభై మందికి ఒక్కదాన్నే అంటే కష్టం మేడమ్," అన్నాను. "నాతో ఇంకో మనిషి కావాల. మా అక్కను ప్యాంట్రీలోకి తీసుకోండి. చెత్త దించేదానికి ఇంకొకర్ని పెట్టుకోండి." ఆవిడ అదే సారుకు ఇంగ్లీషులో చెప్పింది, సారు నా వైపు చూశాడు, తల ఊపాడు. మా అక్కకు తమిళంలో చెప్పేసరికి ఆవిడ ముందు నమ్మలేదు. నమ్మాక నన్ను గట్టిగా కౌగిలించుకుని ఊపిరాడకుండా చేసింది. నాకు ఆయాసం అంటే వినదే!

ఒకటో తేదీ పొద్దున మిషను పట్టుకుపోవడానికి అదే ఇద్దరు మనుషులు వచ్చారు. పెట్టె బండెక్కించి బయలుదేరబోతుంటే నేను గేటుకు అడ్డం నిలబడ్డాను. "ఆ ఆరు గోతాలూ మీవే. అవి లేకుండా బండి కదలదు." వాళ్ళు గొణిగారు, సారు వైపు చూశారు. సారు మెట్ల కింది గోతాల వైపు చేయి చూపించాడు. ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని ఆరింటినీ మోశారు. అప్పుడే వచ్చిన బండి అమ్మాయి రోడ్డు మీద నిలబడి ఈల వేసింది. ఆడపిల్ల ఈలేయడమేంటని మామూలప్పుడైతే కసిరేదాన్ని. ఆరోజు ఇంకోసారి వెయ్యమన్నాను.

పైకి వచ్చి రెండు అంతస్తులకూ సరిపడా పాలు స్టవ్వు మీద పెట్టాను. మా అక్క గ్లాసులు వరుసగా పేరుస్తోంది. సారు ఫోను పట్టుకుని ప్యాంట్రీ గుమ్మంలోకి వచ్చాడు. అవతల కాంట్రాక్టరు మనిషి, మనలి గోడౌను నుంచి. ఒకటో తేదీ వచ్చేసింది, ఊడ్చే మనిషి ఇంకా రాలేదేమని అడుగుతున్నాడట.

"ఏం చెప్పమంటారక్కా?" అన్నాడు సారు.

"రానని చెప్పండి సార్," అన్నాను. "పొయ్యి మీద పాలున్నాయి."